టోపీ చూడండి... కథ తర్వాత వినండి

పాత మిలిటరీ ఆఫీసర్ టోపీ ఒకటి మీ చేతికొచ్చింది. నల్లగా నిగనిగలాడే ముందు అంచు, తోలు గడ్డం పట్టీ, నుదుటి మీద ఇత్తడి బ్యాడ్జి. అమ్మేవాడు అప్పుడే కథ ఎత్తుకుంటాడు. ‘‘అసలైన బ్రిటిష్ మాల్ సార్. 1942లో బర్మా యుద్ధానికి పోయిన కెప్టెన్‌ది. మనవడు అమెరికా పోతూ అమ్మేసిండు. ఇట్లాంటిది మళ్లీ దొరకదు.’’

కథ రక్తి కట్టింది, మీ చెయ్యి జేబు దగ్గరకెళ్లింది. ఒక్క క్షణం ఆగండి. బ్యాడ్జి మీదున్న కిరీటం చూడండి. దాని కమానులు నడిమధ్యలో కిందికి నొక్కినట్టు ఉన్నాయా? అయితే 1942 మాట ఉత్తదే. ఆ ఆకారపు కిరీటం ఎలిజబెత్ రాణి పట్టాభిషేకమైన 1953 నుంచి బ్యాడ్జిల మీదికొచ్చింది. అప్పటికి బ్రిటిష్‌వాళ్లు మన దేశం వదిలి ఆరేళ్లు. ఇంత కథా ఒక చిన్న వంపు దగ్గర కూలిపోయింది.

పాత సైనికాధికారుల టోపీల వయసు కట్టడం కొందరికి సరదా, కొందరికి వ్యాపారం. నేర్చుకునేవాడికి మాత్రం అది కళ్లతో చూసినదాన్ని, చెవులతో విన్నదాన్ని వేరుచేసే అభ్యాసం. ప్లాటు కొనేటప్పుడు, ఉద్యోగం మారేటప్పుడు, వాట్సాప్‌లో వచ్చినదాన్ని పదిమందికి పంపేటప్పుడు మనల్ని కాపాడేది ఈ అలవాటే.

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం వాళ్లకు ఈ విద్య దూరపు చుట్టం కాదు. 1806లో పుట్టిన సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఇక్కడికి దగ్గరే. ఫౌజులో పనిచేసి వచ్చిన కుటుంబాలు ఈ చుట్టుపక్కల కాలనీల్లో ఎన్నో. పాత ఇళ్లు అపార్ట్‌మెంట్ల కోసం బిల్డర్ చేతికి వెళుతుంటే, అటక మీది ట్రంకు పెట్టెలు కిందికి దిగుతున్నాయి. పైగా ఎన్టీఆర్ కట్టిన రామకృష్ణా స్టూడియోస్ నాచారంలోనిదే. అంటే అసలు టోపీలకు, నకిలీ టోపీలకు తోడు సినిమా టోపీలు కూడా తిరిగే ప్రాంతం ఇది. ఇక పాఠాల్లోకి వెళదాం.

1. కదలని తేదీ పట్టుకోండి

టోపీ చేతికి రాగానే ‘ఇది ఎవరిది’ అని అడక్కండి. ‘దీని మీద ఎవరూ కాదనలేని తేదీ ఏది’ అని వెతకండి. అలాంటి తేదీలు కిరీటం దగ్గర దొరుకుతాయి. 1901 దాకా విక్టోరియా రాణి కిరీటం. అది కాస్త చదునుగా, పక్కలకు పరుచుకున్నట్టు ఉంటుంది. 1901 నుంచి 1952 దాకా రాజు కిరీటం. దాని కమానులు ఎక్కడా నొక్కుపడకుండా గుమ్మటంలా లేస్తాయి. 1953 నుంచి 2022 దాకా రాణి కిరీటం. ఇందాక మనం చూసిన నొక్కు దానిదే.

మన సైన్యానికి ఇంకో గీత ఉంది, అది మరీ గట్టిది. 1950 జనవరి 26న దేశం గణతంత్రమైంది. కిరీటం స్థానంలోకి అశోకుడి సింహాలు వచ్చాయి. సింహాలున్న బ్యాడ్జిని చూపించి ‘నిజాం సైన్యంలో ఆఫీసర్‌ది’ అని ఎవరైనా అంటే వెంటనే లెక్క వేయండి. నిజాం సైన్యం 1948 సెప్టెంబరులో భారత సైనిక చర్య ఆపరేషన్ పోలోతోనే లొంగిపోయింది. సింహాలు వచ్చింది ఆ తర్వాత పదహారు నెలలకు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కిరీటం కనిపిస్తే చాలు, అది తెల్లదొరదే అనుకుంటారు. 1949 జనవరి 15న జనరల్ కరియప్ప మొదటి భారతీయ సైన్యాధిపతి అయిన నాటికి కూడా మన సైన్యం చిహ్నాల్లో కిరీటమే ఉంది. కిరీటం కాలాన్ని చెబుతుంది, కులగోత్రాలను చెప్పదు. ఒక ఆధారం ఏం చెబుతుందో తెలియడం ఎంత ముఖ్యమో, ఏం చెప్పదో తెలియడమూ అంతే ముఖ్యం.

ఆఫీసులో తగువు వచ్చినా ఇదే పద్ధతి. ‘మీరెప్పుడూ ఇంతే’ అన్న మాటతో మొదలైన గొడవ తెల్లారినా తెగదు. ‘ఫైలు నా దగ్గరికి వచ్చింది పదో తేదీ సాయంత్రం’ అన్న మాటతో మొదలైతే పది నిమిషాల్లో తెగుతుంది. గొంతు పెంచేముందు కదలని తేదీ ఒకటి వెతికి పెట్టుకోండి.

2. వయసు చెప్పేది కొత్త ముక్క

టోపీలో పది భాగాలుంటే, తొమ్మిది పాతవై ఒకటి కొత్తదైతే, టోపీ వయసు ఆ కొత్తదాని వయసే. కుట్టుదారం పాలిస్టర్‌దా? పాలిస్టర్‌ను కనిపెట్టింది 1941లో, బజారుకొచ్చింది 1950లలో. మొదటి ప్రపంచ యుద్ధం నాటి టోపీలోకి అది ఎలా దూరుతుంది? లోపల వెల్‌క్రో పట్టీ ఉందా? దాని పేటెంటే 1955 నాటిది. దర్జీ లేబుల్ మీద ఊరి పేరు పక్కన ఆరంకెల పిన్‌కోడ్ ఉందా? మన దేశంలో పిన్‌కోడ్ మొదలైంది 1972 ఆగస్టు 15న. ‘మా తాతగారి స్వాతంత్ర్యానికి ముందరి టోపీ’ అన్న మాట ఆ ఆరంకెల ముందు నిలవదు.

నోట్లు పరీక్షించే నీలి టార్చి ఉంటే చీకట్లో అస్తరు మీద వేసి చూడండి. బట్టకు తెలుపు తెచ్చే నేటి రసాయనాలు ఆ వెలుగులో మెరుస్తాయి. రెండో ప్రపంచ యుద్ధానికి ముందరి నూలు, ఉన్ని అలా మెరవవు. అయితే మెరిసినంత మాత్రాన టోపీ నకిలీ అని తేల్చకండి. ఎవరో ఇంట్లో సబ్బుపొడితో ఉతికి ఉండవచ్చు, చినిగినచోట కొత్త దారంతో కుట్టించి ఉండవచ్చు. దారం పాత రంధ్రాల్లోంచి వెళ్లిందా, పక్కన కొత్త రంధ్రాలు పడ్డాయా చూడండి. మరమ్మతు వేరు, మోసం వేరు. ఆ తేడా పట్టుకోవడానికి కాస్త ఓపిక కావాలి.

ఉప్పల్‌లో ప్లాటు బేరానికి వెళ్లినప్పుడు ఇదే గుర్తుంచుకోండి. మధ్యవర్తి 1970ల నాటి లింకు డాక్యుమెంట్లు పరిచి ‘ఎంత పాత కాగితాలో చూడండి’ అంటాడు. పాత కాగితాలు చూసి మురిసిపోకండి. చివరి రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంది? ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్)లో ఈమధ్య ఏం ఎక్కింది? గట్టిదనం తేలేది కొత్త కాగితం దగ్గరే.

3. తిప్పి చూడండి

టోపీ బయటి భాగం చూసేవాళ్ల కోసం. లోపలి భాగం పెట్టుకునేవాడి కోసం. నిజం ఎక్కువగా లోపలే ఉంటుంది.

నుదుటికి తగిలే తోలు పట్టీని మెల్లగా వేలితో పైకెత్తండి. ఏళ్ల తరబడి చెమట తాగిన తోలు ఒకచోట నల్లగా, ఒకచోట గోధుమ రంగులో, నుదురు ఒరుసుకున్న చోట నునుపుగా ఉంటుంది. టీ డికాక్షన్ పూసి పాతబరిచినదైతే రంగు అంతటా ఒకేలా ఉంటుంది. పట్టీ వెనక మడతలో కూడా అదే రంగు కనిపిస్తే అనుమానించండి. చెమట అంత క్రమశిక్షణతో పట్టదు.

తర్వాత ముద్రలు వెతకండి. బాణం గుర్తు, దాని కింద ఇంగ్లిష్ ‘ఐ’ అక్షరం ఉంటే అది బ్రిటిష్ ఇండియా సర్కారు సరుకు. ఆఫీసర్లు మాత్రం సాధారణంగా తమ యూనిఫాం తామే డబ్బిచ్చి దర్జీ దగ్గర కుట్టించుకునేవారు. అందుకే ఆఫీసర్ టోపీలో సర్కారు ముద్రకన్నా దర్జీ లేబుల్ దొరికే అవకాశమే ఎక్కువ. ఆ లేబుల్ కూడా సాక్ష్యమే. లండన్‌లో హాక్స్ కంపెనీ ఒకటో నంబరు సావిల్ రోకు మారింది 1912లో. ఆ చిరునామా ఉంటే టోపీ 1912 తర్వాతిదే. ‘గీవ్స్ అండ్ హాక్స్’ అన్న జంట పేరుంటే 1974 తర్వాతిది, ఎందుకంటే ఆ రెండు కంపెనీలూ కలిసింది ఆ ఏడాదే.

బ్యాడ్జినీ వెనక్కి తిప్పండి. అచ్చుతో కొట్టిన బ్యాడ్జికి చాలావరకు ముందరి బొమ్మ వెనక గుంటలుగా కనిపిస్తుంది, గీతలు పదునుగా ఉంటాయి. అసలుదాన్ని మూసగా పెట్టి పోత పోసిన నకలులో గీతలు మొద్దుబారి, ఒంటి నిండా సూదిపోట్లంత గుంతలుంటాయి. సినిమా టోపీ సంగతి ఇంకా తేలిక. కెమెరాకు పది అడుగుల దూరం నుంచి గంభీరంగా కనిపిస్తే దాని పని అయిపోయింది. అట్ట మీద రెగ్జిన్ అంటించిన అంచు, జిగురుతో నిలబెట్టిన బ్యాడ్జి. పైన పటారం, లోన లొటారం. అందులో తప్పేమీ లేదు, దాన్ని సినిమా టోపీగానే అమ్మితే.

ఉద్యోగం ఇస్తామన్న కంపెనీని కూడా తిప్పి చూడండి. అద్దాల మేడ, రిసెప్షన్‌లో నవ్వు, వెబ్‌సైట్‌లో మాటలు బయటి భాగం. జీతం ఏ తేదీకి పడుతుంది, మీ ముందు ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లు ఎందుకు వెళ్లిపోయారు అన్నవి చెమట పట్టీ వెనక సంగతులు. వాటిని అడగడం అమర్యాద కాదు.

4. ప్రతి పేరుకూ ఒక గడువుంది

‘ఇది హైదరాబాద్ రెజిమెంట్ ఆఫీసర్ టోపీ’ అని ఎవరైనా అంటే సంతోషించండి, ఎందుకంటే ఆ పేరుకు మొదలూ చివరా ఉన్నాయి. నిజాం ఖర్చుతో, బ్రిటిష్ ఆఫీసర్ల చేతికింద నడిచిన హైదరాబాద్ కాంటింజెంట్ 1903లో భారత సైన్యంలో కలిసింది. అందులోని పదాతి దళాలు 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అయ్యాయి. 1945 అక్టోబరు 27న దాని పేరు కుమావూ రెజిమెంట్‌గా మారింది. అంటే ఆ పేరు బతికింది 23 ఏళ్లు.

ఇప్పటికీ కుమావూ సైనికుడి టోపీ మీద సిలువ పట్టుకున్న సగం సింహం ఉంటుంది. అది రసెల్ వంశపు చిహ్నం. హైదరాబాద్‌లో బ్రిటిష్ రెసిడెంట్‌గా ఉన్న హెన్రీ రసెల్ పెంచిన దళాల నుంచే ఆ రెజిమెంట్ పుట్టింది. హిమాలయాల్లోని రాణీఖేత్‌లో కవాతు చేసే జవాను నుదుటి మీద హైదరాబాద్ చరిత్ర ఉందన్నమాట. పేరు పోయింది, గుర్తు నిలిచింది.

వైమానిక దళానిదీ అంతే. 1932లో పుట్టిన మన వైమానిక దళానికి ‘రాయల్’ అన్న మాట 1945 మార్చిలో చేరి, 1950 జనవరిలో పోయింది. ‘రాయల్ ఇండియన్ ఎయిర్‌ఫోర్స్’ అన్న గుర్తున్న టోపీకి ఐదేళ్లలోపు గడువే. ఇంకో ముచ్చట. బ్రిటన్ వైమానిక దళంలో నిజాం విరాళానికి గుర్తుగా పేరు పెట్టిన 152వ (హైదరాబాద్) స్క్వాడ్రన్ ఉండేది. దాని బ్యాడ్జి మీద బొమ్మ ఏమిటో తెలుసా? నిజాం తలపాగా!

మనుషుల హోదాలకూ ఇలాగే గడువులుంటాయి. జనరల్ శ్రీనాగేశ్ జీవితం చూడండి. నిజాం దగ్గర వైద్యుడిగా ఉన్న మల్లన్న గారి అబ్బాయి. 19వ హైదరాబాద్ రెజిమెంట్‌లో పనిచేశారు. 1955 నుంచి 1957 దాకా భారత సైన్యాధిపతి. పదవి దిగగానే హైదరాబాద్ వచ్చి అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీకి ప్రిన్సిపల్ అయ్యారు. 1962లో ఆంధ్రప్రదేశ్ గవర్నర్. ఒక టోపీ గడువు తీరితే ఇంకో పని నెత్తికెత్తుకున్నారు. ‘నేను ఒకప్పుడు ఫలానా’ అని చెప్పుకుంటూ కూర్చునేవాళ్లు గమనించాల్సిన జీవితం అది. మీ విజిటింగ్ కార్డు మీది మాట ఎప్పటిదాకా చెల్లుతుందో, ఆ తర్వాత చేతిలో ఏ పని ఉంటుందో ఇప్పుడే ఆలోచించుకోండి.

5. ఒక్కచోటు నుంచి చూస్తే దిక్కే తెలుస్తుంది

ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఉంది. 1767లో మొదలైన సర్వే శాఖను తొలినాళ్ల నుంచీ నడిపింది ఎక్కువగా సైనికాధికారులే. వాళ్లలో ఒకడైన లాంబ్టన్ 1802లో మద్రాసు దగ్గర ఒక గీత కొలిచి త్రికోణాల లెక్కతో దేశాన్ని కొలవడం మొదలుపెట్టాడు. ఆ లెక్కలో సూత్రం చాలా సులువు. దూరాన ఒక గుట్ట ఉంది. ఒక్కచోటు నుంచి చూస్తే అది ఏ దిక్కున ఉందో తెలుస్తుంది, ఎంత దూరమో తెలియదు. కొలిచిన గీతకు రెండో కొస నుంచి కూడా చూస్తే దాని చోటు తేలుతుంది. మూడోచోటు నుంచి చూస్తే లెక్కలో తప్పుందో లేదో బయటపడుతుంది.

టోపీకీ అదే సూత్రం. కిరీటం ఒక చూపు, లేబుల్ రెండో చూపు, బట్టా దారమూ మూడో చూపు. మూడూ ఒకే కాలంలో కలిస్తే నమ్మండి. రెండు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు లాగితే ఆగండి. బ్యాడ్జి ఒక టోపీది, టోపీ ఇంకొకరిది అయి ఉండవచ్చు. బ్యాడ్జి మార్చడం రెండు నిమిషాల పని.

ఇక్కడో హెచ్చరిక. మూడు ఆధారాలంటే మూడు వేర్వేరు చోట్ల నుంచి వచ్చినవి. ఒకే ఫార్వర్డ్‌ను ముగ్గురు స్నేహితులు పంపితే అది ముగ్గురి సాక్ష్యం కాదు, ఒక్కరి మాటే మూడుసార్లు విన్నారంతే.

తేలిన జవాబును కూడా తేలినంతవరకే చెప్పండి. ‘1901కీ 1950కీ మధ్యది’ అనడం ‘కచ్చితంగా 1943’ అనడం కన్నా చిన్న మాటలా వినిపిస్తుంది. నిలబడేది మాత్రం అదే. ఇంటర్వ్యూలోనూ, మీటింగ్‌లోనూ హద్దులు పెట్టి మాట్లాడేవాడి మాటకు మెల్లగా విలువ పెరుగుతుంది.

6. తోమకండి

పాత టోపీ దొరగ్గానే మన చేతులు ఊరుకోవు. బ్యాడ్జికి చింతపండు పెట్టి తోముతాం, బట్టను సర్ఫ్‌లో నానబెడతాం, చిరిగిన అస్తరు పీకేస్తాం. తళతళలాడుతుంది. దాంతోపాటు దాని వయసుకు సాక్ష్యం తుడిచిపెట్టుకుపోతుంది. ఇత్తడి మీద నల్లటి పొర, జరీ మీద మసక, తోలు మీద చెమట మరక, అన్నీ కాలం పెట్టిన సంతకాలు.

మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులపండి, చాలు. ముతక కాని తెల్ల నూలుగుడ్డ లోపల కుక్కి ఆకారం నిలపండి. వానాకాలంలో బూజు పట్టకుండా గాలి ఆడేచోట పెట్టండి. బెండుతో చేసిన దొరల సోలా టోపీ అయితే ఇంకా జాగ్రత్త. చెరువుల్లో పెరిగే జీలుగు జాతి మొక్క బెండు అది. పూచికపుల్లంత తేలిక, నొక్కితే విరుగుతుంది. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులకు 1972 నాటి పురావస్తు చట్టం వర్తిస్తుంది, వాటిని సొంతంగా విదేశాలకు పంపకూడదు. ఇక సైనికుడిగా నమ్మించడానికి ఆ టోపీ పెట్టుకుని తిరగడం నేరం, సరదాకైనా అటు పోకండి.

మనుషుల విషయంలోనూ ఈ తోమే తొందర తగ్గించుకోవాలి. కొత్తగా చేరిన టీమ్‌లో, కొత్తగా అడుగుపెట్టిన ఇంట్లో మొదటి నెలలోనే అన్నీ సరిదిద్దాలనుకుంటాం. ఒక పద్ధతి అలా ఎందుకుందో తెలియకుండా పీకేస్తే, దాని వెనక కారణం కూడా చెత్తబుట్టలో పడుతుంది. ముందు చూడండి, అడగండి, రాసుకోండి. చెయ్యి పెట్టడం తర్వాత.

7. టోపీ తేదీ తప్పినా మనిషి తప్పు కాదు

అన్నిటికన్నా కష్టమైన పరీక్ష ఇంట్లోనే ఎదురవుతుంది. ‘‘మీ తాత గిదే పెట్టుకొని జర్మనోళ్లతోని యుద్ధానికి పోయిండు బిడ్డా’’ అంటుంది నాయనమ్మ. మీరు చూస్తే బ్యాడ్జి మీద మూడు సింహాలు. ఇప్పుడేం చేస్తారు? ‘అంతా అబద్ధం నాయనమ్మా’ అనేస్తే మీరు టోపీల గురించి నేర్చుకున్నారు, మనుషుల గురించి నేర్చుకోలేదు.

ఆలోచించండి. తాత యుద్ధానికి వెళ్లడం నిజమే కావచ్చు. వచ్చాక ఇంకో పదేళ్లు ఫౌజులోనే ఉండి ఉండవచ్చు. టోపీలు అరిగిపోతాయి, మారతాయి. ఇంట్లో మిగిలేది ఆఖరి టోపీ. సింహాల బ్యాడ్జి కాదంటున్నది టోపీ తేదీని మాత్రమే. తాత సర్వీసును కాదు.

అందుకే తీర్పు చెప్పకండి, ప్రశ్న అడగండి. ‘‘నాయనమ్మా, తాత పింఛను కాగితాలు ఏ పెట్టెలో ఉన్నయ్? ఫౌజు నుంచి ఏ యేడు వచ్చేసిండు? అప్పటికి నాన్న పుట్టిండా?’’ పెద్దవాళ్లకు తేదీలు గుర్తుండకపోవచ్చు గానీ పుట్టుకలు, పెళ్లిళ్లు, కరువులు గుర్తుంటాయి. వాటిని పట్టుకుని వెళితే డిశ్చార్జి పుస్తకం బయటికి రావచ్చు. అందులో రెజిమెంట్ పేరు, చేరిన తేదీ, వచ్చిన పతకాలు రాసి ఉంటాయి. ఇంటి కథకన్నా ఆ కాగితంలో ఉన్న తాతే పెద్దవాడిగా కనిపించవచ్చు.

నిజం పట్టుకోవడం తెలివి. ఎదుటివాళ్ల పరువు పోకుండా దాన్ని బయటికి తేవడం సంస్కారం. మొదటిది ఒక్కటే ఉన్నవాడిని జనం మెచ్చుకుంటారు గానీ దగ్గరికి రానివ్వరు.

ఈ ఆదివారమే మొదలుపెట్టండి

• ఇంట్లో ఒక పాత వస్తువు తీయండి. టోపీయే అక్కర్లేదు. గడియారం, రేడియో, పెళ్లి ఫొటో, ఏదైనా సరే.

• కాగితం మధ్యలో నిలువు గీత గీయండి. ఎడమవైపు ‘చూసింది’, కుడివైపు ‘విన్నది’. కలపకుండా రాయండి.

• ఎడమవైపు ఉన్నవాటిలో అన్నిటికన్నా కొత్తది ఏదో గుర్తించి దాని కింద గీత పెట్టండి.

• ‘ఫలానా ఏడుకీ ఫలానా ఏడుకీ మధ్య’ అని ఒక్క వాక్యంలో జవాబు రాయండి. మూడు వేర్వేరు ఆధారాలు లేకపోతే ఆ మధ్యను ఇంకా వెడల్పు చేయండి.

• కుడివైపు మిగిలిన మాటలను ఇంట్లో పెద్దవాళ్ల దగ్గరికి ప్రశ్నలుగా తీసుకెళ్లండి, తప్పులుగా కాదు.

ఒక వస్తువుతో చేయి తిరిగాక అదే నిలువు గీతను వచ్చే వారం మీరు తీసుకోబోయే పెద్ద నిర్ణయం మీద గీయండి. అప్పు కావచ్చు, సంబంధం కావచ్చు, కోర్సు ఫీజు కావచ్చు. కుడివైపు నిండిపోయి ఎడమవైపు ఖాళీగా ఉంటే ఆ రోజు సంతకం పెట్టకండి.